ఎవరిచ్చారో తెలుసుకొని తిను

డిసెంబరు మొదటి వారం వచ్చిందంటే మా కాలనీ ఇళ్ల మీద కాగితపు నక్షత్రాలు లేస్తాయి. అన్నీ ఒకే కొలతలో కట్టిన ఇళ్లు, ఒకే రంగు గోడలు. ఏ ఇల్లు ఎవరిదో చుట్టాలకు గుర్తుండదు. నక్షత్రం కట్టాక మాత్రం ఇది మావాళ్లదని తేలికగా పోల్చుకుంటారు. రాత్రిళ్లు కుర్రాళ్లు డోలక్ పట్టుకొని ఇంటింటికీ పాటలకు తిరుగుతారు. సెమీ క్రిస్మస్, ఆ తర్వాత క్రిస్మస్, చివరకు 31వ తారీఖు రాత్రి వాచ్‌నైట్ ఆరాధన. గడిచిన ఏడుకు కృతజ్ఞత చెప్పడం ఆ రాత్రి మా సంఘంలో ఆనవాయితీ. ఒక్కొక్కరే లేచి, ప్రభువు తమకు చేసిన మేలు చెప్పి కూర్చుంటారు.

మేము నది ఒడ్డున ఉన్న ఊరు వదిలి ఈ కాలనీకి వచ్చిన మొదటి ఏడు, ఆ రాత్రి మా పెద్దమ్మ లేచింది. చీర కొంగు రెండు చేతులతో పట్టుకొని ఇలా చెప్పింది.

"ప్రభువు నన్ను బతికించాడు, స్తోత్రం. నా మనవడు జ్వరం నుంచి లేచాడు, స్తోత్రం. కానీ నా చింతచెట్టు నీళ్లల్లో ఉంది. మా ఆయన్ని పెట్టిన చోటు నీళ్లల్లో ఉంది. దానికేం స్తోత్రం చెప్పమంటారు?"

వెనక నుంచి ఎవరో, "సణగకూడదమ్మా, ఇశ్రాయేలీయులు సణిగే అరణ్యంలో రాలిపోయారు" అన్నారు. పెద్దమ్మ కూర్చుంది. ఇంకెవరో పాట ఎత్తుకున్నారు. అందరితో పాటు నేనూ గొంతు కలిపాను. చదువుకున్నదాన్ని, పదిమందికి పాఠం చెప్పేదాన్ని. "ఆమెను చెప్పనివ్వండి" అని ఒక్క మాట అనలేకపోయాను. ఆ పాట పాడినందుకు ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంటుంది.

ఉన్న ఊరు, పోడు, చెట్టు, సమాధి పోగొట్టుకున్న మనిషి అబద్ధం ఆడకుండా దేవునికి కృతజ్ఞత చెప్పడం ఎలా? ఆ రాత్రి నుంచి నన్ను వదలని ప్రశ్న ఇది. నాకు దొరికిన జవాబు సగం బైబిలులో ఉంది. మిగతా సగం, నేను ఒకప్పుడు తోసేసిన ఒక అడ్డాకు విస్తట్లో ఉంది. ముందు ఆ విస్తరి సంగతి చెబుతాను.

మాది కోయ కుటుంబం. నా చిన్నతనంలో మా ఇంట్లో ఎవరూ ఎవరికీ "థాంక్స్" అని నోటితో చెప్పడం నేను వినలేదు. ఆ మాట హాస్టల్లో నేర్చుకున్నాను. పక్కింటివాళ్లు మా పోడు కోతకు వస్తే వాళ్ల కోతకు మేము వెళ్లేవాళ్లం. వేటలో దొరికింది ఇళ్లన్నిటికీ వాటాలు పడేది. అదే మా కృతజ్ఞత. దేవునికీ, పోయిన పెద్దలకూ చెప్పేది మాత్రం కొత్తల పండుగ. మేము పండుం అంటాం. కొత్త చిక్కుడు గాని, కొత్త సామలు గాని, కొత్త ధాన్యం గాని ఊరి పండుం అయ్యేదాకా ఎవరూ నోట పెట్టరు. పిల్లలు ఆకలితో ఉన్నా, గింజ చేతిలో ఉన్నా, ఆగాలి. ముందు పెద్దలకు పెట్టాలి, తర్వాత అందరూ కలిసి తినాలి.

నేను హాస్టల్లో చదువుకొనే రోజుల్లో ప్రభువును నమ్ముకొని బాప్తిస్మం తీసుకున్నాను. ఆ ఏడు ఇంటికి వచ్చేసరికి కొత్తల పండుగ. తాత అడ్డాకులో కొత్తబియ్యం అన్నం పెట్టి నా ముందు ఉంచాడు. నేను విస్తరి తోసేశాను. "దేవతలకు పెట్టింది నేను తినను" అన్నాను. అన్న తీరు కూడా బాగాలేదు. తాత కోప్పడలేదు. పాత గింజలు వెతికి నాకు వేరే జావ కాయించాడు. గిన్నె ఇస్తూ ఒక్క మాట అన్నాడు.

"తినకపోతే తినకు పిల్లా. కానీ ఏది తిన్నా, ఎవరిచ్చారో తెలుసుకొని తిను."

మళ్లీ సెలవులకు వచ్చేసరికి తాత లేడు.

విగ్రహాలకు పెట్టిన దాని విషయంలో అపొస్తలుడైన పౌలు కొరింథీ సంఘానికి రాసిన మాటలు మన సంఘాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. ఆ వాదంలోకి నేను దిగను. నా నమ్మకం నాకుంది, ఆ రోజు ఆ అన్నం తినకపోవడాన్ని నేను తప్పనడం లేదు. తప్పు ఎక్కడుందంటే, విస్తరితో పాటు తాతను కూడా తోసేశాను. కృతజ్ఞత అనేది క్రైస్తవులమయ్యాక మిషనరీల నుంచి కొత్తగా నేర్చుకున్నామనీ, అంతకు ముందు మావాళ్లకు అది తెలియదనీ అనుకున్నాను. గింజ చేతికొచ్చినా, ఇచ్చినవాణ్ని తలుచుకోకుండా తినకూడదని చెప్పిన మనిషికే కృతజ్ఞత నేర్పబోయాను.

టీచర్ ట్రైనింగ్‌కు బొమ్మూరు డైట్ కాలేజీకి వచ్చినప్పుడు మొదటిసారి డెల్టా క్రిస్మస్ చూశాను. రాజమండ్రి నుంచి కిందికి, పాలకొల్లు, నరసాపురం వరకు ఎన్ని చర్చిలో! 1836లో ఆంటొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనేవాళ్లు నరసాపురం వైపు సువార్త మొదలుపెట్టారు. ఒకాయన రాతిపనివాడు, ఇంకొకాయన చెప్పులు కుట్టేవాడు. చేతిపని చేసుకొనేవాళ్లు నాటిన సంఘం కదా అని నాకు ఆ కథ ఇష్టం.

ఆ డెల్టాలోనే ఇంకో రకం కృతజ్ఞత కూడా చూశాను. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కట్టించిన ఆర్థర్ కాటన్ దొర విగ్రహాలు ఊరూరా ఉన్నాయి. మే 15న ఆయన పుట్టినరోజుకు రైతులు దండలు వేస్తారు. కరువులు, తుపానులు చూసిన నేలకు కాలువ నీళ్లు వచ్చాయి. సుమారు 10 లక్షల ఎకరాలు ఆ నదిని తాగుతున్నాయి. పెట్టినవాణ్ని నూట డెబ్బై ఏళ్ల తర్వాత కూడా మరిచిపోకపోవడం గొప్ప సంగతే. డెల్టా రైతును చూసి నేర్చుకోవలసిందే. కానీ ఆ విగ్రహాల దగ్గర నిలబడితే నాకు తాత మాట గుర్తొస్తుంది. రాళ్లు మోసిన వేలమంది కూలీల పేర్లు ఎవరికి తెలుసు? కూలీలను సమకూర్చిన వీణెం వీరన్న పేరైనా కొందరికే తెలుసు. ఇచ్చినవాళ్లలో ఒక్కరినే తలుచుకుంటే, మిగతా చేతులు కనపడకుండా పోతాయి.

మా కోయల క్రైస్తవ చరిత్ర కూడా నీళ్ల పనితోనే మొదలైంది. గోదావరి మీద పడవలు పైదాకా వెళ్లేలా చెయ్యాలని కాటన్ కల. ఆ పని మీద దుమ్ముగూడెంలో ఉన్న ఇంజనీరు హేగ్, చుట్టూ ఉన్న కోయలకు సువార్త చెప్పేవాళ్లు లేరని బాధపడి, 1860 ప్రాంతంలో మిషన్ పనికి పునాది వేశాడు. తర్వాత చర్చి మిషనరీ సొసైటీ తరఫున అక్కడ చాలాకాలం పనిచేసిన జాన్ కెయిన్, మా ఆచారాల గురించి, భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో రాశాడు. పైకి పడవల దారి పనులు మధ్యలోనే ఆగిపోయాయి. సంఘం మాత్రం నిలిచింది. ఆనకట్ట పని మా నదికి సువార్తను తెచ్చింది. ఇప్పుడు ఇంకో ఆనకట్ట పని మా ఊరి గుడినీ చర్చినీ కూడా నీళ్లలోకి తీసుకుపోయింది.

పోలవరం గురించి ఇక్కడ పెద్దగా చెప్పనక్కర్లేదు, ఈ పుస్తకం చదివేవాళ్లలో చాలామందికి అది ఇంటి సంగతే. 41.15 కాంటూరు, 45.72 కాంటూరు అనే అంకెలు మా పిల్లలకు ఎక్కాల కంటే ముందు నోటికొచ్చాయి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు చింతూరు, కూనవరం, వి.ఆర్. పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లో జనం గుట్టలెక్కి కూర్చున్నారు. ఆ నీళ్లే రేపు దిగువన చేలకు పోతాయి, పట్నాల కుళాయిల్లోకి పోతాయి. పోవద్దని నేననను. దాహానికి నీళ్లివ్వడం పుణ్యమే. కానీ తాగేవాళ్లు ఎవరిచ్చారో తెలుసుకొని తాగాలి కదా!

ఇప్పుడు బైబిలు దగ్గరకు వస్తాను. ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయం చదివిన ప్రతిసారీ నాకు మా పండుమే గుర్తొస్తుంది. పంటలో ప్రథమ ఫలాలు గంపలో పెట్టుకొని యాజకుని దగ్గరకు తేవాలి. తెచ్చి ఊరికే ఇచ్చిపోకూడదు, నిలబడి ఒక కథ చెప్పాలి. మా పూర్వికుడు దిక్కులేక తిరిగినవాడు, ఐగుప్తుకు వలస పోయాం, అక్కడ మమ్మల్ని బాధపెట్టారు, మా చేత వెట్టి చేయించారు, మేము మొరపెట్టాం, దేవుడు విన్నాడు, ఇదిగో ఆయనిచ్చిన నేల పంట. ఇదీ ఆ కథ. గమనించండి. గంప ముందు నిలబడినవాడు కష్టాన్ని దాచిపెట్టి మేలొక్కటే చెప్పడం లేదు. ఎవరు బాధించారో, ఎంత ఏడ్చారో చెప్పాకే కృతజ్ఞత చెబుతున్నాడు. ఆ చెప్పడం సణుగుడు కాదు, ఆరాధన. ఆ తర్వాత లేవీయుడూ పరదేశీ కూడా వాళ్లతో కలిసి ఆ మేలును అనుభవించాలి. మా పెద్దమ్మ ఆ రాత్రి చేసింది ఇదే. ఆమె గంపలోంచి కథ సగం బయటికి వచ్చేసరికి మేము పాట పాడి మూసేశాం.

క్రిస్మస్ కథలో కూడా ఈ మాట ఉంది. మనం నాటకం వేసేటప్పుడు గొర్రెల కాపరులను, దేవదూతలను, జ్ఞానులను చూపిస్తాం. అక్కడితో తెర దించేస్తాం. మత్తయి అలా దించలేదు. పేర్లు రాయించుకోమన్న పైవాళ్ల ఉత్తరువుతో నిండు గర్భిణి ప్రయాణం చేయడం, సత్రంలో చోటు లేకపోవడం లూకా రాశాడు. పసిబిడ్డతో పరాయి దేశం పారిపోవడం, బేత్లెహేములో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లుల ఏడుపు మత్తయి రాశాడు. ఆ తల్లులు ఓదార్పు వద్దన్నారు. వాళ్లను ఎవరూ సణగవద్దనలేదు. వాళ్ల ఏడుపును కూడా సువార్తలోనే ఉంచారు.

పదిమంది కుష్ఠరోగుల సంగతి మనందరికీ తెలుసు. పదిమందీ బాగుపడ్డారు, ఒక్కడే తిరిగి వచ్చాడు. ఆ ఒక్కడూ సమరయుడు, అందరూ తక్కువగా చూసే జాతివాడు. ఆదివాసీ యువత ఈ సంగతి గట్టిగా పట్టుకోవాలి. మనకు సంస్కారం నేర్పాలని అందరూ వస్తారు. కానీ యేసు ప్రభువు కృతజ్ఞతకు నమూనాగా చూపించింది అంచున ఉన్న మనిషినే. వాడు చేసిన పని కూడా చూడండి. నోటిమాటతో ఊరుకోలేదు. వెళ్తున్న దారి ఆపి, వెనక్కి తిరిగి, ఇచ్చినవాడి దగ్గరకు నడిచి వచ్చాడు.

నేను కూడా అలా వెనక్కి నడవాలని లెక్క వేసుకోవడం మొదలుపెట్టాను. నా ఉద్యోగం దేవుడిచ్చాడని సాక్ష్యం చెబుతుంటాను. నిజమే. ఏ చేతుల మీదుగా ఇచ్చాడు? షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000 జనవరిలో వచ్చిన జీవో నంబరు 3 మీదుగా. ఆ జీవో కోసం తిరిగినవాళ్లు, ధర్నాల్లో కూర్చున్నవాళ్లు ఉన్నారు. వాళ్లలో అన్ని రకాల నమ్మకాలవాళ్లూ ఉన్నారు. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. నేను ఉద్యోగంలో నిలిచాను గాని, నా దగ్గర చదువుకొని డీఎడ్ పూర్తి చేసిన పిల్లలకు ఆ తలుపు లేదు. నా జీతానికి నేను స్తోత్రం చెప్పి, వాళ్ల సంగతి మాట్లాడకపోతే, వెనక్కి రాని తొమ్మిదిమందిలో నేనూ ఒకదాన్ని.

బడిలో నేను మతం చెప్పను, చెప్పకూడదు. అన్నం గురించి మాత్రం అడుగుతాను. క్రిస్మస్, సంక్రాంతి సెలవులకు ముందు నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు ఒక పని ఇస్తాను. ఈ రోజు మధ్యాహ్నం నీ పళ్లెంలోకి వచ్చిన అన్నం వెనక ఎవరెవరి చేతులున్నాయో రాసుకురా. బడి గోడ మీద డొక్కా సీతమ్మ గారి పేరు ఉంటుంది, 2024 నుంచి బడి భోజనానికి ఆమె పేరే పెట్టారు. కోనసీమలో లంకల గన్నవరంలో, వచ్చినవాడికల్లా లేదనకుండా అన్నం పెట్టిన తల్లి ఆమె అని చెబుతాను. పిల్లలు అక్కడి నుంచి మొదలుపెడతారు. వండే అవ్వ, బియ్యం దించే లారీ అన్న, కోసిన కూలీలు, నాటిన ఆడవాళ్లు, నీళ్లు, గోదావరి. ఒకసారి ఒక పిల్ల చివర్లో "మన ఊరు" అని రాసింది. ఎందుకమ్మా అంటే, "ఆ నీళ్లు మన ఊరి మీంచే పోతాయి కదా టీచర్" అంది. నాకు మాట రాలేదు.

అదే రోజు ఇంకో సంగతి బయటపడింది. రోజూ వండిపెట్టే అవ్వ పేరు పిల్లలెవరికీ తెలియదు. నిజం చెప్పాలంటే నాకూ ఇంటిపేరు తెలియదు. అందరం వెళ్లి అడిగాం. ఆమె నవ్వుతూ, "ఎందుకు, పేరు కొట్టేస్తారా ఏంటి?" అని భయం భయంగా అడిగింది. పేరు అడిగారంటే జాబితాలోంచి తీసేయడానికేనని మావాళ్లకు అలవాటైపోయింది! కాదు, పెట్టినందుకు తలుచుకోవడానికి అని చెప్పేసరికి కాసేపు నమ్మలేదు. తోటి టీచర్లకు నా మనవి ఒక్కటే. ఈ పనికి ఖర్చు లేదు, సిలబస్‌లో అడ్డం రాదు. ఒక్క పూట చేయించి చూడండి.

సంఘంలో కూడా చిన్న మార్పు తెచ్చుకున్నాం. పాస్టరు గారితో, పెద్దలతో చాలాసార్లు కూర్చొని మాట్లాడాక, డిసెంబరులో ఒక ఆదివారం కొత్త పంటను ఆరాధనకు తెచ్చే రోజుగా పెట్టుకున్నాం. డెల్టా సంఘాల్లో కోతల పండుగ కానుకలు ఎప్పటి నుంచో ఉన్నవే. మేము మా పద్ధతిలో అడ్డాకుల్లో తెస్తాం. పోడు పోయినవాళ్లు కూలికి పోయి తెచ్చుకున్న గింజలే తెస్తారు. ఆకు ముందు నిలబడి ప్రతి ఇల్లూ తమ పాత ఊరి పేరు, వాగు పేరు, ఏం పోయిందో, ఏం మిగిలిందో చెప్పాలి. చెప్పేటప్పుడు ఎవరూ మధ్యలో పాట ఎత్తకూడదు. ఆ తర్వాత ప్రార్థన, తర్వాత అందరికీ అన్నం. యేసును నమ్ముకోని మా చుట్టాలు కూడా ఆ అన్నానికి వస్తారు. తాత ఉంటే ఆయనా వచ్చేవాడని నా ఆశ.

మొదటి ఏడు ఆ రోజున పెద్దమ్మను ముందుగా నిలబెట్టాం. చింతచెట్టు గురించే పావుగంట చెప్పింది. ఏ కొమ్మ ఏ వైపు వంగేదో, ఏటా ఎన్ని బుట్టలు దిగేవో, ఏ కూతురి పెళ్లికి ఆ చింతపండు అమ్మారో చెప్పింది. కొందరు ఏడ్చారు. అంతా అయ్యాక, "అలాంటి చెట్టు కింద నన్ను నలభై ఏళ్లు కూర్చోబెట్టినందుకు స్తోత్రం" అంది. ఆ స్తోత్రాన్ని ఆమెతో ఎవరూ బలవంతంగా చెప్పించలేదు. బాధను చెప్పనిచ్చాం కాబట్టి దాని అడుగున ఉన్నది పైకి వచ్చింది. నేను ఆమె దగ్గరకు వెళ్లి వాచ్‌నైట్ రాత్రి పాట పాడినందుకు క్షమించమని అడిగాను. "నువ్వు ఒక్కదానివేనా పాడింది, ఊరుకో అమ్మాయ్" అంది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, కృతజ్ఞత చెప్పమని మీకు చాలామంది చెబుతారు. కొందరు మంచి మనసుతో చెబుతారు. కొందరు మీరు ఇంకేమీ అడగకుండా ఉండాలని చెబుతారు. రెండూ వేరని తెలుసుకోవాలి. ఇల్లిచ్చాం కదా, ఇంకేం కావాలి అన్నవాడు మనల్ని కృతజ్ఞత అడగడం లేదు, మౌనం అడుగుతున్నాడు. దేవుడు ఎప్పుడూ అలా అడగలేదు. గంప ముందు కథంతా చెప్పమన్నాడు.

పెద్దమ్మ చెట్ల పరిహారం ఇంకా రాలేదు. జాబితాలో చెట్టు ఎక్కలేదట. అర్జీ రాసేది నేనే, ఇప్పటికి నాలుగు రాశాను. ఈ ఏడు వాచ్‌నైట్‌కు ముందు ఐదోది రాయాలి. చింతచెట్టు వయసు, చుట్టుకొలత, ఏటా దిగే బుట్టలు, అన్నీ ఆమె చెబుతుంటే రాసుకుంటాను. రాసిందంతా ఆమెకు చదివి వినిపిస్తాను. వేలిముద్ర వేశాక ఆమె ప్రార్థన చేస్తుంది. ఆ తర్వాత ఇద్దరం చర్చికి వెళ్తాం.